భారతమంతా సిగపట్లేనా? (కురువంశం అట్ట గీస్తుంటే మొదలైన చర్చ)

హన్మకొండ అమ్మ | శనివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. 'మహాభారతంలో రెండు వంశాలు' అని అట్ట గీసి తెమ్మన్నారట, సోమవారానికి. చౌరస్తాకు పోయి తెల్ల అట్ట ఒకటి, స్కెచ్ పెన్నులు రెండు కొన్నాం. కౌరవులకు ఎరుపు, పాండవులకు నీలం. పొయ్యి మీద అన్నం పెట్టి కూర్చున్నాను, దించేలోపు పని అయిపోతుందనుకున్నాను.

పైన శంతనుడు, కింద విచిత్రవీర్యుడు, ఆ కింద ధృతరాష్ట్రుడూ పాండురాజూ. అక్కడిదాకా బాగానే వచ్చింది. అప్పుడు పిల్ల అడిగింది: "పాండవులదీ కురువంశమే కదా, మరి వాళ్లు కౌరవులెందుకు కారు?" ఏదో చెప్పి దాటేశాను. రెండో ప్రశ్నకు దొరికిపోయాను. "ధృతరాష్ట్రుడి తండ్రి వ్యాసుడన్నావు. ఆ వ్యాసుడేమో సత్యవతికి పెళ్లికి ముందే పుట్టాడన్నావు. అయితే శంతనుడి రక్తం వీళ్లలో ఎవరికి వచ్చినట్టు?"

అన్నం అడుగంటింది. అట్ట మీద నాలుగు పేర్లే ఉన్నాయి. ఎర్ర గీత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

మడికొండ తెలుగు సారు | శనివారం, రాత్రి 9:20

అమ్మా, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఏడో తరగతిలో ఈ ప్రశ్న వేసిన పిల్ల నాకు తగల్లేదు.

మొదటిదానికి జవాబు తేలికే. పాండవులూ కౌరవులే. కురురాజు సంతతి అంతా కౌరవులే. కథ చెప్పుకునే సౌకర్యం కోసం ఒక పక్షానికి ఇంటిపేరు, రెండో పక్షానికి తండ్రి పేరు మిగిలాయి. అన్నదమ్ములు వేరుపడ్డాక పాత ఇల్లు ఎవరి వాటాకు వస్తే వాళ్లనే ఊరు 'పెద్దింటివాళ్లు' అంటుంది కదా, అట్లాగన్నమాట.

రెండోదానికి ధర్మం ఒకటి చెబుతుంది, రక్తం ఒకటి చెబుతుంది. విచిత్రవీర్యుడు పిల్లలు లేకుండా పోయాడు. సత్యవతి మాట మీద వ్యాసుడి వల్ల అంబికకు ధృతరాష్ట్రుడు, అంబాలికకు పాండురాజు పుట్టారు. పొలం ఎవరిదో పంట వాళ్లదే అన్న పాత న్యాయం ప్రకారం ఇద్దరూ కురువంశం కిందే లెక్క. రక్తం లెక్క తీస్తే పరాశరుడికీ, దాశరాజు ఇంట పెరిగిన సత్యవతికీ మనుమలు. పాండవుల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్కా లేదు, అన్నీ దేవతల వరాలే. శంతనుడి రక్తం భీష్ముడితో ఆగిపోయింది. తనకు పిల్లలే వద్దని ఒట్టు పెట్టుకున్నవాడు ఆ రక్తానికి చివరివాడయ్యాడు.

అయితే మీ అట్ట పైభాగంలో ఒక కొమ్మ వదిలేశారు. శంతనుడు ప్రతీపుడికి మూడో కొడుకు. పెద్దవాడు దేవాపికి చర్మవ్యాధి ఉందని రాజ్యానికి ఒప్పుకోలేదు, అడవికి పోయాడు. రెండోవాడు బాహ్లికుడు మేనమామ రాజ్యానికి వెళ్లిపోయాడు. బాహ్లికుడి కొడుకు సోమదత్తుడు, అతని కొడుకు భూరిశ్రవుడు. రక్తమే కావాలంటే కురువంశం గీత అటు పోతుంది. ముగ్గురూ దుర్యోధనుడి వైపే నిలబడ్డారు. మీ ఎర్ర పెన్ను అక్కడ పెట్టండి.

గోదావరిఖని రెండో షిఫ్టు | శనివారం, రాత్రి 11:45

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. సారూ, భూరిశ్రవుడి దాకా వచ్చి ఆపేస్తే ఎట్లా? ఆయన కథ కురుక్షేత్రంలో మొదలు కాలేదు, దేవకి స్వయంవరంలో మొదలైంది.

శిని అనే యాదవ వీరుడు వసుదేవుడి కోసం దేవకిని రథమెక్కించుకుని పోతుంటే సోమదత్తుడు అడ్డం వచ్చాడు. శిని అతణ్ని కింద పడేసి, సిగ పట్టుకుని, రాజులందరి ముందూ కాలితో తన్ని, ప్రాణాలతో వదిలేశాడు. ఆ వదిలేయడమే ముప్పు తెచ్చింది. సోమదత్తుడు పోయి శివుడి కోసం తపస్సు చేశాడు. ఏం వరం అడిగాడో చూడండి. రాజ్యం కాదు, ఆయుష్షు కాదు. శిని సంతతివాణ్ని రాజుల నడుమ పడేసి తన్నే కొడుకు కావాలన్నాడు.

ఆ కొడుకే భూరిశ్రవుడు. శిని మనుమడు సాత్యకి. పద్నాలుగో రోజు. పొద్దు గుంకేలోపు సైంధవుణ్ని చంపుతానని ఒట్టు పెట్టుకున్న అర్జునుడు ముందుకు పోయాడు. ఆయనను వెతుక్కుంటూ బయలుదేరిన సాత్యకి, సేనలన్నిటినీ చీల్చుకుని చేరేసరికి ఒంట్లో సత్తువ లేదు. సరిగ్గా అప్పుడు భూరిశ్రవుడు ఎదురుపడ్డాడు. రథాలు పోయాయి, కత్తులయ్యాయి, చివరికి కుస్తీ పట్టారు. సాత్యకి కింద పడ్డాడు. భూరిశ్రవుడు సిగ ఒడిసి పట్టుకుని, రొమ్ము మీద తన్ని, కత్తి ఎత్తాడు. ఆ పట్టులోంచి తప్పించుకోవడానికి సాత్యకి తల తిప్పుతున్న తీరును వ్యాసుడు కుమ్మరి సారెతో పోల్చాడు. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ మెడ నొప్పి పుడుతుంది.

కృష్ణుడు చూపించాడు, అర్జునుడు బాణం వేశాడు, కత్తితో సహా భూరిశ్రవుడి చెయ్యి తెగిపడింది. నీతో యుద్ధం చేయనివాణ్ని ఇట్లా కొడతావా అని అర్జునుణ్ని నిలదీసి, మిగిలిన ఎడమచేత్తో బాణాలు నేల మీద పరుచుకుని ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. సాత్యకి తేరుకుని లేచి, రెండు సేనలూ వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా, కూర్చున్నవాడి తల నరికాడు.

ఆ రాత్రి దివిటీల వెలుతురులో కూడా యుద్ధం నడిచింది కదా. ఆ యుద్ధంలోనే సోమదత్తుణ్ని సాత్యకి, బాహ్లికుణ్ని భీముడు చంపారు. తాతా కొడుకూ మనుమడూ ఒక్క పగలూ ఒక్క రాత్రిలో పోయారు. మీ ఎర్ర గీత అక్కడ ఆగిపోతుందక్కా.

హన్మకొండ అమ్మ | ఆదివారం, ఉదయం 6:40

తమ్ముడూ, రాత్రి చదివి నిద్రపట్టలేదు. పొద్దున్నే పిల్లకు చెప్పాను. సాత్యకిది కురువంశం కాదు, యాదవుడు. ఈ తగాదాకు ఏ రంగు వేయాలంటోంది. ఆకుపచ్చ పెన్ను కొనాల్సి వచ్చేటట్టుంది.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, ఉదయం 7:05

రెండు వంశాలు అడిగితే రెండే రాసి పంపండి అక్కా. పిల్లకు మార్కులు కావాలా, ఇరవై వంశాల పంచాయితీ కావాలా?

కరీంనగర్ వకీలమ్మ | ఆదివారం, ఉదయం 8:30

జంక్షన్ గారూ, పంచాయితీ లేని వంశం ఎక్కడుంది? నా పనే అది. భాగ పంపకాల దావాలు చూస్తుంటాను. కాగితం మీద గట్టు తగాదా అని ఉంటుంది. ఫైలు వెనక్కి తిప్పుకుంటూ పోతే ఎప్పుడో పెళ్లిలో అన్న మాట ఒకటి బయటపడుతుంది.

నిన్నటి పోస్టు చదివాక నాకొకటి తట్టింది. తెలుగులో గొడవకు 'సిగపట్లు' అని ఊరికే అనలేదు. లెక్క పెట్టండి. శిని సోమదత్తుడి సిగ పట్టాడు. దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చాడు. వనవాసంలో సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోబోతే భీముడు అతని జుట్టు పట్టుకుని, తల గొరిగి ఐదు పిలకలు మిగిల్చాడు. ఆ పిలకలవాడే అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోయాక మిగతా పాండవులను వాకిట్లో ఆపేశాడు. భూరిశ్రవుడు సాత్యకి సిగ పట్టాడు. ద్రోణుడు అస్త్రాలు వదిలి కూర్చుంటే ధృష్టద్యుమ్నుడు జుట్టు పట్టి తల నరికాడు. ఆఖరి రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ని తన్ని లేపి, జుట్టు పట్టుకుని, కత్తి దెబ్బతో చావనివ్వమని వేడుకున్నా వినకుండా కాళ్లతో తొక్కి చంపాడు.

11 అక్షౌహిణులు ఒక వైపు, 7 అక్షౌహిణులు ఒక వైపు. అక్షౌహిణికి రథాలే 21,870. ఇన్ని రథాలూ ఏనుగులూ పెట్టుకుని చివరికి అందరూ పట్టుకున్నది ఒకరి జుట్టు ఒకరు.

మడికొండ తెలుగు సారు | ఆదివారం, ఉదయం 9:10

వకీలమ్మా, భలే పట్టుకున్నావు. దానికి నేనొకటి కలుపుతాను. ద్రోణుణ్ని అట్లా చంపినందుకు ధృష్టద్యుమ్నుడి మీద అందరికంటే ఎక్కువ మండిపడింది ఎవరో తెలుసా? సాత్యకి! కూర్చున్న గురువును చంపుతావా అన్నాడు. ధృష్టద్యుమ్నుడు ఊరుకుంటాడా, నిన్న చెయ్యి తెగి కూర్చున్నవాణ్ని చంపింది నువ్వు కాదా అన్నాడు. ఇద్దరూ పాండవ పక్షమే, అయినా కొట్టుకు చచ్చేవాళ్లు. సాత్యకిని భీముడు పట్టుకుని ఆపాడు, సహదేవుడు మంచిమాటలు చెప్పి చల్లార్చాడు.

పాంచాలుర కథ మీ అట్టలో వేరుగా గీయాలి. ద్రుపదుడూ ద్రోణుడూ కలిసి చదువుకున్నవాళ్లు. రాజయ్యాక ద్రుపదుడు, రాజు కానివాడు రాజుకు స్నేహితుడెట్లా అవుతాడని సభలో తీసిపారేశాడు. ద్రోణుడు కౌరవ పాండవులకు విద్య నేర్పి గురుదక్షిణగా ద్రుపదుణ్ని పట్టి తెమ్మన్నాడు. అర్జునుడు పట్టి తెచ్చాడు. ద్రోణుడు చంపలేదు. అహిచ్ఛత్రం రాజధానిగా ఉత్తర పాంచాలం తాను ఉంచుకుని, గంగకు దక్షిణాన ఉన్న సగం వదిలి, ఇప్పుడు ఇద్దరం రాజులమే, స్నేహం చేద్దామన్నాడు. ఆ సగం ఇవ్వడం చూడండి, మొత్తం తీసుకున్నా అంత మంట ఉండేది కాదేమో! ద్రుపదుడు పోయి యజ్ఞం చేసి ద్రోణుణ్ని చంపే కొడుకును అడిగాడు. హోమగుండం నుంచి ధృష్టద్యుమ్నుడు, వెంట ద్రౌపది పుట్టారు. ఆ పిల్లవాణ్ని ద్రోణుడే ఇంటికి పిలిచి అస్త్రవిద్య నేర్పాడు. తన చావు చేతికి తానే గురి నేర్పిన మనిషి అతను. చెడ్డవాడంటే నేనొప్పుకోను.

పరకాల పథికుడు | ఆదివారం, ఉదయం 11:25

ఎప్పుడూ చదివి పోయేవాణ్ని, ఇవాళ రాయాలనిపించింది.

మా తాతను పంక్తిలోంచి లేపారు. నలభై ఏళ్ల కిందటి మాట, మా పాలివాళ్ల ఇంట్లో పెళ్లి. విస్తరి వేశారు, ఆయన నీళ్లు చల్లి విస్తరి కడుక్కున్నాడు. అప్పుడు ఆ ఇంటి పెద్ద వచ్చి, వియ్యాలవాళ్లు ముందు తినాలి, నువ్వు తర్వాతి పంక్తిలో కూర్చో అని చెయ్యి పట్టి లేపాడట. తాత తడి చేత్తోనే నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. బాపు తొక్కలేదు. అవసరమొచ్చి రెండు ఎకరాలు అమ్మేటప్పుడు, పక్క పొలం వాళ్లదే అయినా, తక్కువకు పైవాళ్లకు అమ్మాడు. వాళ్ల అబ్బాయీ నేనూ పదో తరగతి దాకా ఒకే గదిలో చదివాం, ఒక్కనాడూ ఒక బల్ల మీద కూర్చోలేదు. ఎందుకో మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు కూడా.

పోయిన వారం నా ఫోనుకు అతని పెళ్లి పత్రిక వచ్చింది. బాపుకు ఇంకా చూపించలేదు.

సోమదత్తుడు శివుణ్ని కొడుకు కావాలని అడిగాడంటే నిన్నటిదాకా పురాణం అనుకున్నాను.

జనగామ మనుమరాలు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

అందరూ శకునిని మరిచిపోయారు! గాంధార రాజునూ కొడుకులనూ చెరలో పెట్టి మనిషికి ఒక్క మెతుకు చొప్పున పెడితే, అందరి మెతుకులూ ఒక్క శకునికే తినిపించి మిగతావాళ్లు చచ్చిపోయారు. తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుని కౌరవ వంశాన్ని లోపలి నుంచి కూల్చాడు. ఇంతకు మించిన వంశ వైరం ఏముంది?

మడికొండ తెలుగు సారు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

అమ్మాయీ, ఆ చెర కథ వ్యాసుడి మూలంలో లేదు. అక్కడ శకుని మేనల్లుడి మేలు కోరే మేనమామ, జూదంలో మహా నేర్పరి. అంతే.

జనగామ మనుమరాలు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

మా నాయనమ్మ చెప్పింది సారూ. ఆమె అబద్ధం చెప్పదు.

చేర్యాల పటం | ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఇద్దరూ తగ్గండి. నాయనమ్మ చెప్పిన భారతం వేరు, వ్యాసుడు చెప్పిన భారతం వేరు. రెండూ ఉన్నాయి. శశిరేఖ కూడా వ్యాసుడిలో లేదు, అట్లాగని ఏ తెలుగు ఇల్లు ఆ పెళ్లిని వదులుకుంటుంది?

మా వైపు ముదిరాజుల వాడలకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ పటం తెచ్చి చెప్పేవాళ్లు. నేను చిన్నప్పుడు ఒక్కసారే చూశాను. పటం నిలువుగా వేలాడదీసి, కథ నడుస్తున్నకొద్దీ చుట్ట విప్పుతుంటారు. బట్టకు చింతగింజల అంబలీ సుద్దా పూసి, ఆరాక బొమ్మలు వేస్తారు. నేపథ్యమంతా ఒకటే ఎరుపు. స్వయంవరం వెనకా ఎరుపే, యుద్ధం వెనకా ఎరుపే. కథ చెప్పే ఆయన పుల్లతో బొమ్మను తాకి, ఆ వీరుడి పేరు చెప్పి, ఆగుతాడు. ఆ ఆగిన క్షణంలో ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు "అయ్యో కొడుకా" అనేవాళ్లు. ఏ పక్షంవాడైనా సరే.

అందుకే నాకు రెండు రంగుల అట్ట అంటే కొంచెం నవ్వొచ్చింది అక్కా, తప్పుగా అనుకోకండి.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:15

పొద్దున వేళాకోళం చేశాను గానీ ఇప్పుడు నిజంగా కూర్చుని రాస్తున్నాను. మా ఊళ్లో ఏ బండి ఎటు పోవాలన్నా జంక్షన్ మీదుగా పోవాలి. భారతంలో ఆ జంక్షన్ కృష్ణుడు. కుంతి వసుదేవుడి చెల్లెలు, అంటే కృష్ణుడికి మేనత్త. శిశుపాలుడూ మేనత్త కొడుకే, ఇంకో మేనత్త కొడుకు. ఒక మేనత్త కొడుకులకు రథం తోలాడు, ఇంకో మేనత్త కొడుకును నిండు సభలో చంపాడు. సుభద్రను ఇచ్చి అర్జునుడికి రెండు రకాలుగా బావమరిది అయ్యాడు. భాగవతం ప్రకారం కృష్ణుడి కొడుకు సాంబుడు పెళ్లాడింది దుర్యోధనుడి కూతురు లక్షణను. అంటే కృష్ణుడూ దుర్యోధనుడూ వియ్యంకులు! ఆ పెళ్లి గొడవలోనే బలరాముడు నాగలితో హస్తినను గంగలోకి లాగబోయాడు. ఇప్పుడు చెప్పండి, ఆయన పేరుకు ఏ రంగు?

గోదావరిఖని రెండో షిఫ్టు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

సగం సగం వేయాలన్నా. తన సేన కృతవర్మతో పాటు దుర్యోధనుడి వైపు పోయింది, తాను సాత్యకితో పాటు ఇటు వచ్చాడు. కృతవర్మా సాత్యకీ ఇద్దరూ యాదవులే. ఇద్దరూ యుద్ధంలో బతికి బయటపడ్డారు. అటు మిగిలింది కృపుడు, కృతవర్మ, అశ్వత్థామ. ఇటు ఐదుగురన్నదమ్ములు, కృష్ణుడు, సాత్యకి.

ముప్పై ఆరేళ్ల తర్వాత ప్రభాస తీర్థంలో, తాగిన మత్తులో, సాత్యకి లేచి కృతవర్మతో నిద్రపోతున్నవాళ్లను చంపినవాడివి అన్నాడు. కృతవర్మ ఎడమచెయ్యి చూపించి (ఎడమచెయ్యి అవమానానికే), చెయ్యి తెగి కూర్చున్న భూరిశ్రవుణ్ని నువ్వు చంపలేదా అన్నాడు. సాత్యకి కత్తి తీసి అతని తల నరికాడు. అక్కడితో యాదవకులం ఒకరినొకరు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒడ్డున ఉన్న తుంగలాంటి గడ్డి పీకితే రోకలి అయింది. గాంధారి శాపం, మునుల శాపం ఉన్నాయి, కాదనను. కానీ అగ్గిపుల్ల గీసింది ఆ పాత చెయ్యే. దేవకి పెళ్లిలో తన్నిన తన్ను దేవకి మనుమల దాకా వచ్చి ఆగింది.

కరీంనగర్ వకీలమ్మ | ఆదివారం, సాయంత్రం 5:20

ఇంతవరకూ అంటుకున్న పగలే చెప్పుకున్నాం. అంటుకోని పగలు కూడా ఉన్నాయి, అవి ఎవరూ ఎత్తడం లేదు. నాకు అవే ఎక్కువ పనికొస్తాయి.

జరాసంధుణ్ని భీముడు రెండుగా చీల్చాడు. ఆయన కొడుకు సహదేవుడు కురుక్షేత్రంలో ఎటు నిలబడ్డాడు? పాండవుల వైపు. శిశుపాలుణ్ని రాజసూయంలో అందరి కళ్ల ముందు చంపారు. ఆయన కొడుకు ధృష్టకేతువు? అతనూ పాండవుల వైపే, ఒక అక్షౌహిణి సేనతో వచ్చాడు. చేదిరాజు ఆడపడుచు కరేణుమతి నకులుడి భార్య అయింది. తండ్రిని చంపినవాళ్ల కోసం పోరాడి ధృష్టకేతువు ద్రోణుడి చేతిలో చచ్చిపోయాడు. సోమదత్తుడికి ఒక్క తన్ను తగిలితే మూడు తరాలు రగిలాయి. ఇక్కడ తలే తెగింది, ఏమీ కాలేదు. ఎందుకు?

మడికొండ తెలుగు సారు | ఆదివారం, సాయంత్రం 6:10

ప్రశ్న బాగుంది. జవాబు సభాపర్వంలోనే ఉంది. జరాసంధుడు పడగానే కృష్ణుడు అతని కొడుకును మగధ సింహాసనం మీద కూర్చోబెట్టాడు. సెంటు భూమి తీసుకోలేదు. శిశుపాలుడికి ధర్మరాజు ఆలస్యం చేయకుండా అంత్యక్రియలు జరిపించి, కొడుకుకు చేదిరాజ్యం పట్టం కట్టాడు. మీ తండ్రికీ మాకూ పడలేదు, ఇంటికీ మాకూ పేచీ లేదని చెప్పినట్టు. ద్రోణుడేమో సగం ఉంచుకున్నాడు. దుర్యోధనుడైతే ఐదు ఊళ్లు అడిగినా సూదిమొన మోపినంత ఇవ్వనన్నాడు.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, సాయంత్రం 6:25

అంతేనంటారా? సహదేవుడు భయపడి కూడా వచ్చి ఉండవచ్చు కదా సారూ. రెండుగా చీలిన తండ్రిని చూసినవాడు.

మడికొండ తెలుగు సారు | ఆదివారం, సాయంత్రం 6:40

ఉండవచ్చు. పట్టాభిషేకానికి ముందు భయపడుతూనే వచ్చాడు, కృష్ణుడే అభయమిచ్చాడు. కానీ భయం మీద వచ్చినవాడు పద్దెనిమిది రోజుల యుద్ధంలో నిలబడడు. పారిపోవడానికి దారులు చాలా ఉన్నాయి.

జనగామ మనుమరాలు | ఆదివారం, రాత్రి 7:30

సారూ, మధ్యాహ్నం పెంకిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి. నాయనమ్మకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. అశ్వత్థామను వదిలేసింది ఎవరో వాళ్లను అడుగు అంది. పోతన భాగవతంలో, తన ఐదుగురు కొడుకులనూ నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, ద్రౌపది వదిలేయమంటుంది. నాలాగే కృపి కూడా కొడుకు కోసం ఏడవకూడదంటుంది. బమ్మెర మాకు దగ్గరే, పాలకుర్తి పక్కన. ఆ ఘట్టం నాయనమ్మకు పద్యాలతో సహా వచ్చు.

కరీంనగర్ వకీలమ్మ | ఆదివారం, రాత్రి 7:50

అక్కడ కూడా జుట్టే చూడు చెల్లీ. తల తీయకుండా, తలలోని మణినీ జుట్టునూ కోసి పంపించారు.

కాజీపేట జంక్షన్ | ఆదివారం, రాత్రి 8:05

చర్చకు సంబంధం లేదు గానీ, రేగొండ దగ్గర పాండవుల గుట్టలకు ఎవరైనా ఈమధ్య పోయారా? పిల్లలను తీసుకుపోదామనుకుంటున్నాను.

పరకాల పథికుడు | ఆదివారం, రాత్రి 8:20

మా మీదుగానే పోవాలన్నా, పరకాల దాటాక రేగొండ. నీళ్లు మోసుకుపోండి, పైన దొరకవు. బండల నీడన ఆదిమానవులు వేసిన ఎర్ర బొమ్మలున్నాయి, జింకలూ అడవిదున్నలూ. పాండవుల కంటే అవే పాతవి కావచ్చు. అక్కడొక గుట్టను గొంతెమ్మ గుట్ట అంటారు. గొంతెమ్మ అంటే కుంతే. ఆ ఎండలో గుట్ట ఎక్కి ఐస్‌క్రీం అడిగే పిల్లలను చూస్తే గొంతెమ్మ కోరికలంటే ఏమిటో తెలుస్తుంది.

చేర్యాల పటం | ఆదివారం, రాత్రి 8:30

మన జిల్లాల్లో పాండవులు పడుకోని గుట్ట లేదు. పన్నెండేళ్లు సరిపోయి ఉండవు పాపం.

హన్మకొండ అమ్మ | ఆదివారం, రాత్రి 10:15

అట్ట అయింది. ఒకటి చాలలేదు, రెండోది తెచ్చి వెనక నుంచి టేపు అంటించాం. పిల్ల తానే ఒక పద్ధతి పెట్టుకుంది. పేర్లన్నీ పెన్సిల్‌తో రాసింది. పుట్టుకలకు నీలం గీత, చంపడాలకు ఎర్ర గీత, పెళ్లిళ్లకు ఆకుపచ్చ. కౌరవ పాండవులని రంగులు పంచలేదు. ఎర్ర గీతలు ఎక్కువై పెన్ను ఎండిపోయింది, సైంధవుడి దగ్గర నీళ్లలో ముంచి గీసింది.

ఒక్క పేరు మిగిలింది. యుయుత్సుడు. ధృతరాష్ట్రుడి కొడుకే, తల్లి వైశ్య స్త్రీ. యుద్ధం మొదలయ్యేముందు ధర్మరాజు పిలిస్తే అన్నదమ్ములను వదిలి ఇటు వచ్చాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో బతికింది అతనొక్కడే. చంపినవాళ్లు లేరు కాబట్టి అతని మీదికి ఎర్ర గీత రాలేదు. "ఇతనికి ఇంట్లో ఎవరైనా అన్నం పెట్టేవాళ్లా?" అని అడిగింది. ధర్మరాజు చివరి ప్రయాణానికి పోతూ చిన్నవాడైన పరీక్షిత్తును, రాజ్యాన్ని కనిపెట్టుకుని ఉండమని అతనికే అప్పజెప్పి పోయాడని సారు ఫోనులో చెప్పారు. అప్పుడు శాంతించి పడుకుంది.

అందరికీ ధన్యవాదాలు. రెండు వంశాలే అడిగితే ఇదేమిటి అని రేపు బడిలో అంటే, మిమ్మల్నందరినీ సాక్ష్యానికి పిలుస్తాను.

గోదావరిఖని రెండో షిఫ్టు | ఆదివారం, రాత్రి 11:50

నాది నైట్ డ్యూటీ కాకపోతే వస్తానక్కా.

పరకాల పథికుడు | సోమవారం, ఉదయం 7:15

రాత్రి బాపుకు పత్రిక చూపించాను. కళ్లద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివారు, వెనక తిప్పి ఊరి పేరు చూశారు. చాలాసేపటికి, "భోజనాలు పంక్తా, బఫేనా?" అని అడిగారు.

ఈ రోజుల్లో పంక్తి ఎక్కడిది, బఫేనే అన్నాను.

"బఫే అయితే లేపడానికి ఉండదు" అన్నారు. వస్తాననలేదు, రాననలేదు. పత్రిక మాత్రం ఫోనులో కాదు, కాగితం మీద కావాలట.